ఆషాఢం సేలుకు ఎవరెవరు వెళ్లాలి?

పదేళ్ల కిందటి వరకు మా ఇంట్లో ఆషాఢం సేలుకు వెళ్లడమంటే పెళ్లికి తరలివెళ్లినట్టే ఉండేది. అత్తయ్యగారు, మావారు, ఇద్దరు పిల్లలు, తోటికోడలు, ఆమె చంకలో చంటివాడు, "నేనూ వస్తాను వదినా" అంటూ చివరి నిమిషంలో ఆటో ఎక్కే ఆడపడుచు. ఉదయం పదకొండింటికి బయలుదేరి రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేవాళ్లం. సంచులు విప్పి చూస్తే శ్రావణంలో పెళ్లిళ్లకు కావలసిన, బంధువులకు పెట్టే పన్నెండు పెట్టుబడి చీరల్లో నాలుగు ఉండేవి. ఎవరూ అడగని నైటీలు ఆరు ఉండేవి. పిల్లవాడి చెప్పు ఒకటి ఉండేది కాదు.

ఆ తరువాత ఒంటరిగా వెళ్లి చూశాను. మావారితో ఇద్దరమే వెళ్లాం. తోటికోడలినీ అత్తయ్యగారినీ కలుపుకొని, నలుగురం పని పంచుకొని కూడా వెళ్లాం. ఏ దుకాణంలో ఎంత శాతం తగ్గింపో పేపరులో పేజీ నిండా వేస్తారు. ఎంతమంది వెళ్లాలి, ఎవరు ఏ పని చూడాలి అన్నది మాత్రం ఎవరికి వారు దెబ్బలు తిని నేర్చుకోవలసిందే. నేను తిన్నవి చెబుతాను. నా అనుభవం హైదరాబాదుది. విజయవాడ, రాజమండ్రి బజార్ల సంగతి పుట్టింటి వైపు నుంచి తెలిసినంత మటుకు.

ముందు ఆ మూడు వరుసలు

పెద్ద బట్టల షోరూములో నచ్చిన చీర మన చేతికి వచ్చేలోపు మూడు చోట్ల ఆగుతుంది. అంతస్తులో సేల్స్ అమ్మాయి చీర మడిచి బిల్లింగు కౌంటరుకు పంపుతుంది. అక్కడ బిల్లు వేయించుకోవాలి. ఆ బిల్లు పట్టుకొని క్యాషు కౌంటరులో డబ్బు కట్టాలి. ముద్ర పడిన కాగితంతో కింద డెలివరీ కౌంటరుకు వెళ్తే సంచి ఇస్తారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి ఆ బిల్లుకు ఒక చిల్లు పొడిచి బయటికి వదులుతాడు. కొన్ని చోట్ల మొదటి రెండు పనులూ ఒకే బల్ల దగ్గర అయిపోతాయి. ఎలా అయినా, ఆషాఢం ఆదివారం సాయంత్రం చీర ఏరుకోవడానికి పట్టే సమయం కంటే దాన్ని బయటికి తెచ్చుకోవడానికి పట్టే సమయమే ఎక్కువ.

ఒక ఏడాది మూడో అంతస్తులో పట్టుచీరల దగ్గర నేను, కింద క్యాషు వరుసలో మావారు. ఆయన వంతు వచ్చేసరికి బిల్లు కాగితం నా చేతిసంచిలో ఉంది. ఫోను చేస్తే సిగ్నలు అందలేదు. ఆయన వరుస వదిలి మెట్లెక్కారు. నేను లిఫ్టులో దిగాను. నేను కింద ఆయన కోసం వెతుకుతుంటే ఆయన పైన నా కోసం వెతికారు. ఇలా రెండుసార్లు. మూడోసారి మెట్ల మలుపులో ఎదురుపడ్డాం. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇంటికి వచ్చాక మాట్లాడుకున్నాం, చాలాసేపు.

కాబట్టి సేలుకు మనుషులను తీసుకువెళ్లేది అభిప్రాయాలు చెప్పడానికి కాదు. ఒకరు ఏరుతున్నప్పుడు మరొకరు వరుసలో ముందుకు జరుగుతూ ఉండాలి. ఎంతమంది చాలు అన్న ప్రశ్నకు ఈ లెక్క దగ్గరే జవాబు దొరుకుతుంది.

ఒంటరిగానా, ఇద్దరా, నలుగురా, ఇంటిల్లిపాదీనా

ఇంటిల్లిపాదీ వెళ్లడం రెండు సందర్భాల్లోనే పనికొస్తుంది. పెళ్లికూతురి ముహూర్తం చీర కొనేటప్పుడు ఇరువైపుల పెద్దలూ కళ్లారా చూడాలి. లేకపోతే ఆ మాట ఇరవై ఏళ్లు ఉంటుంది. ఇక పిల్లలకు, మగవాళ్లకు వేసి చూసి కొనవలసిన బట్టలు, చెప్పులు. ఆ రెండూ సేలు రద్దీలో కొనడం నాకు ఇష్టం లేదు. ట్రయల్ గది ముందు నిలబడే వరుస నాలుగోది అవుతుంది. పిల్లలకైతే వాళ్లకు ఇప్పుడు సరిపోతున్న గౌను ఒకటి, చొక్కా ఒకటి సంచిలో వేసుకొని వెళ్లి, పక్కన పెట్టి కొలుచుకుంటే సరిపోతుంది. ఒక సైజు పెద్దది తీసుకోండి. సైజు అంకెలను నమ్మవద్దు. ఒక కంపెనీ 28కీ మరో కంపెనీ 28కీ అరంగుళం తేడా ఉండటం మామూలే.

ఒంటరిగా వెళ్లడంలో ఉన్న సుఖం ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. పనిదినం ఉదయం తలుపులు తెరిచే వేళకు వెళ్లి మూడు నాలుగు వస్తువులు కొనుక్కొని వచ్చేవారికి ఇంతకు మించిన పద్ధతి లేదు. అయిదో వస్తువు దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. రెండు చేతుల్లోనూ సంచులు, భుజానికి చేతిసంచి, చీర విప్పి పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. రంగు నప్పిందో లేదో చెప్పేవారూ ఉండరు. వీడియో కాల్ ఉంది కదా అంటారు. షోరూము దీపాల కింద, ఫోను తెర మీద వంకాయ రంగు నేరేడు రంగులా కనబడుతుంది. మా ఆడపడుచుకు అలా చూపించి కొన్న చీర ఇప్పటికీ బీరువాలోనే ఉంది. వీడియోలో "అంచు పెద్దదా చిన్నదా" అని అడగవచ్చు, "ఏ రంగు" అని అడగకూడదు. రంగు కోసం చీరను గుమ్మం దాకా తీసుకువెళ్లి పగటి వెలుతురులో చూడాలి. అడిగితే సేల్స్ వాళ్లు కాదనరు, ఒకరు మన వెంట వస్తారు.

ఇద్దరు వెళ్లడం చాలా ఇళ్లకు సరైన సంఖ్య అని నా అభిప్రాయం. పది వస్తువుల లోపు చీటీకి ఇద్దరు చాలు. అయితే ఆ ఇద్దరూ ఎవరు అన్నది తేల్చుకోవాలి. భార్యాభర్తలు వెళ్తే ఏరడం ఒకరిది, వరుస మరొకరిది అని గుమ్మం బయటే అనుకోవాలి. మావారు చీరల మధ్య నిలబడితే పది నిమిషాలకు ఆవులిస్తారు. అదే వరుసలో నిలబెడితే ముందున్న పెద్దమనిషితో రాజకీయాలు మాట్లాడుతూ గంటైనా ఉంటారు. ఇద్దరు ఆడవాళ్లు వెళ్తే ఇద్దరూ ఏరడానికే నిలబడిపోయే ప్రమాదం ఉంది. నేనూ మా తోటికోడలూ మొదటిసారి వెళ్లినప్పుడు జరిగింది అదే. మధ్యాహ్నం రెండింటికి ఒక గుట్ట చీరలు పక్కన పెట్టించాం కానీ ఒక్క బిల్లూ వేయించలేదు. ఆ గుట్టలోంచి మూడు చీరలను వేరెవరో తీసుకుపోయారు. సేలులో పక్కన పెట్టించడం అంటే ఏమీ కాదు. బిల్లు పడితేనే మనది.

ఇప్పుడు నలుగురి సంగతి. ఇంట్లో శ్రావణంలో పెళ్లి ఉన్నా, గృహప్రవేశం ఉన్నా, పాతిక ముప్పై చీరలు, పంచెలు, తువ్వాళ్లు ఒకేసారి తీసుకోవలసి వచ్చినా నలుగురు కావాలి. ఏరేవారు, నిలబడేవారు, లెక్క చూసేవారు, కూర్చునేవారు. నలుగురివీ నాలుగు వేరు వేరు పనులు. అయిదో మనిషి వస్తానంటే ఇంట్లో పిల్లలను చూసుకోమని చెప్పండి. అంతకంటే ఉపకారం ఉండదు.

ఏరేవారి చేతిలో చీటీ ఉండకూడదు. ఇది వింతగా అనిపించవచ్చు. చీటీ లెక్క చూసేవారి దగ్గర ఉంటుంది. ఏరేవారు కళ్లతో చీరలు చూస్తుంటే, లెక్క చూసేవారు పక్కన నిలబడి "పిన్నిగారికి అయిపోయింది. ఇక వియ్యపురాలికి, పదిహేను వందల లోపు" అని చదువుతూ ఉంటారు. ప్రతి చీరకూ ఒక ఫొటో తీసి, ఎవరి కోసమో పేరు రాసి వాట్సాప్‌లో పెడతారు. ఇంటికి వచ్చాక "ఈ పచ్చది ఎవరికి అనుకున్నాం?" అనే వాదన ఉండదు. కాదనే అధికారం కూడా లెక్క చూసేవారిదే. చీటీలో లేనిది కొనాలంటే వారు ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఈ పని తోటికోడలిది. స్కూల్లో లెక్కల టీచరు. "అక్కా, ఇది చీటీలో లేదు" అని ఆమె అన్న గొంతు వింటే చేతిలోని నైటీ దానంతట అదే కింద పడుతుంది.

నిలబడేవారు ఓపిక ఉన్నవారై ఉండాలి. వారి ఫోనులో చార్జింగు ఉండాలి, జేబులో కొంత నగదు ఉండాలి. సెల్లారులో ఉన్న కౌంటర్ల దగ్గర యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, డబ్బు వెళ్లిందో లేదో తెలియదు, వెనకవాళ్లు గొణుగుతారు. ఒక్క మర్యాద పాటించాలి. ఒకరు వరుసలో నిలబడి, తన వంతు వచ్చేసరికి బంధువులందరి బిల్లులూ ముందుకు అందించడం వెనక నిలబడినవారికి ఒళ్లు మండించే పని. ఒక ఇంటి బిల్లులు ఒకే మనిషి కట్టుకోవడం న్యాయం. పక్కింటివారివీ ఎదురింటివారివీ చేర్చడం న్యాయం కాదు.

ఇక కూర్చునేవారు. ఈ పని మొదట అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పుల వల్ల ఇచ్చాం. షోరూముల్లో పెద్దవాళ్లకు కుర్చీ అడిగితే వేస్తారు. కొన్న సంచులన్నీ ఆమె దగ్గర చేరతాయి, మంచినీళ్ల సీసా ఆమె దగ్గర ఉంటుంది, ఎవరు తప్పిపోయినా ఆమె కుర్చీ దగ్గరకే రావాలి. ఇంతవరకే అనుకున్నాం. కానీ అసలు పరీక్షాధికారి ఆమేనని పోయినసారి తెలిసింది.

పోచంపల్లి అని చెప్పి ఇచ్చిన చీర ఒకటి, గళ్లలో ఏనుగులు, ధర సగానికి తగ్గింపు, నేను ఎగిరి గంతేసి తెచ్చి చూపించాను. ఆవిడ చీర మీదికి చూడనే లేదు. కొంగు తిరగేసి లోపలి వైపు చూశారు. ఏనుగులు వెలిసిపోయినట్టు లేతగా ఉన్నాయి. "ఇది అచ్చు వేసింది అమ్మాయీ. నేసింది కాదు" అన్నారు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగులు అద్ది, ఆ తరువాత నేస్తారు. అందుకని బొమ్మ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అంచుల దగ్గర రంగు కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అచ్చు చీరలో పైవైపు గీత గీసినట్టు కచ్చితంగా, లోపలి వైపు వెలవెలబోతూ ఉంటుంది. అచ్చు చీర తప్పేమీ కాదు, చవకగా కట్టుకోవచ్చు. నేత ధరకు కొంటేనే తప్పు. పట్టు విషయంలో, అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉందేమో చూడమంటారు ఆవిడ. ఇంటికి వెళ్లి దారపు పోగు కాల్చి వాసన చూసే పరీక్ష కొన్న తరువాత ఏడుపుకే పనికొస్తుంది.

చోటును బట్టి మనుషులు

పైన చెప్పిన నలుగురి పద్ధతి అయిదంతస్తుల షోరూముకు. అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వైపు అన్నీ అలాంటివే. ధర బోర్డు మీద ఉన్నదే ధర, బేరం ఉండదు, ఏసీ ఉంటుంది, బిల్లు ఉంటుంది.

సికింద్రాబాద్ జనరల్ బజారు, సుల్తాన్ బజారు వేరే లోకం. సందు వెడల్పే కొన్ని చోట్ల నలుగురు పక్కపక్కన నడవనివ్వదు. అక్కడికి ఇద్దరికి మించి వెళ్తే ఒకరి వెనక ఒకరు నడుస్తూ, తప్పిపోతూ, ఫోన్లు చేసుకుంటూ పొద్దు గడుస్తుంది. అక్కడ కావలసింది బేరం చేసే మనిషి, పక్కన ముఖం చిట్లించే మనిషి. "వద్దు, పోదాం పద" అనే రెండో మనిషి లేకపోతే బేరం సగమే సాగుతుంది. కారు మాత్రం వద్దు. సుల్తాన్ బజారుకు జూబ్లీ బస్ స్టేషన్ – మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (జేబీఎస్–ఎంజీబీఎస్) మెట్రో మార్గంలో అదే పేరుతో స్టేషను ఉంది. 2020లో ఆ మార్గం మొదలయ్యాక కోఠి వైపు పార్కింగు వెతికే బాధ తీరింది. జనరల్ బజారుకు ప్యారడైజ్ స్టేషనులో దిగి ఆటో ఎక్కితే నయం. జాకెట్టు ముక్కలు, లంగా గుడ్డలు, అంచులు, మ్యాచింగు ఈ బజార్లలోనే కొనండి. షోరూములో మ్యాచింగు కౌంటరు దగ్గర నిలబడటం దండగ.

టోకు బజార్లది మూడో దారి. విజయవాడ వస్త్రలత, రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్ లాంటి చోట్ల ఒకే రకం చీరలు పది ఇరవై తీసుకునేవారికి ధర కలిసివస్తుంది. పెట్టుబడి చీరలకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఇక్కడికి వెళ్లవలసింది ఒకే ఇంటివాళ్లు కాదు, రెండు మూడు ఇళ్లవాళ్లు. మా పుట్టింటి వీధిలో నలుగురు కలిసి వెళ్లి ఒకే కట్ట చీరలు కొని రంగులు పంచుకుంటారు. వచ్చాక రంగుల దగ్గర గొడవ పడతారు, అది వేరే విషయం. వెళ్లే ముందే మొదట ఎవరు ఏరుకోవాలో చీట్లు వేసుకుంటే ఆ గొడవా ఉండదు.

ఇంట్లో కూర్చొని కొనే దసరా ఆన్‌లైన్ సేళ్ల గురించి రెండు ముక్కలే చెబుతాను. ఫోన్లు, మిక్సీలు, వాషింగు మిషన్లకు అవే మేలు. మోడలు నంబరు ఒకటైతే వస్తువు ఒకటే, ధర పోల్చుకోవడం సులువు. అక్కడా జట్టు పని ఉంది. ఏ బ్యాంకు కార్డుకు తగ్గింపో చూసి, అన్నయ్య కార్డా మరిది కార్డా తేల్చుకోవడం. బట్టలకు మాత్రం నేను ఆన్‌లైన్ మనిషిని కాను.

ఎప్పుడు వెళ్లాలి

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టిళ్లకు వెళ్తారు, బట్టల దుకాణాలకు గిరాకీ పడిపోతుంది. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే బీరువాలు ఖాళీ కావాలి. తగ్గింపు పుట్టింది అక్కడి నుంచే. అందువల్ల ఆషాఢంలో దొరికేది చాలావరకు పాత సరుకు, దసరాకు దొరికేది కొత్త సరుకు. తగ్గింపు ఎక్కువ కావాలంటే ఆషాఢం, ఎంపిక ఎక్కువ కావాలంటే దసరా. పెట్టుబడి చీరలకు, దుప్పట్లకు, తువ్వాళ్లకు, రోజువారీ చీరలకు నా ఓటు ఆషాఢానికే. పెళ్లి పట్టుకు దసరా వరకు ఆగగలిగితే ఆగండి. ఆషాఢానికి మరో లాభం ఉంది. ఫాల్, పికో, జాకెట్టు కుట్టించడానికి టైలరు దొరుకుతుంది. వరలక్ష్మీవ్రతానికి వారం ముందు చీర కొంటే చీర ఉంటుంది, జాకెట్టు ఉండదు.

2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం జులై మధ్యకు జరిగింది. ఇలాంటి సంవత్సరాల్లో పాఠశాలలు తెరిచిన హడావుడి సద్దుమణిగి, మొదటి వారం కాస్త ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. మొదటి వారంలో రద్దీ తక్కువ, సరుకు ఎక్కువ. చివరి వారంలో తగ్గింపు పెరగవచ్చు కానీ మిగిలేవి ఎవరూ ముట్టని రంగులు.

హైదరాబాదులో ఆషాఢం అంటే బోనాలు కూడా. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాంకాళి గుడి జనరల్ బజారు పక్కనే. ఆ బోనాల ఆదివారం, మరుసటి రోజు భవిష్యవాణి చెప్పే రంగం నాడు అటువైపు కొనుగోళ్లకు వెళ్లకండి. అమ్మవారి దర్శనానికి వెళ్లండి. లాల్‌దర్వాజా బోనాల నాడు చార్మినార్, లాడ్ బజారు వైపు గాజుల కోసం వెళ్లడమూ అంతే.

తెలంగాణలో కొత్త బట్టల పండుగ దసరా, కోస్తాలో సంక్రాంతి. బతుకమ్మ రోజుల్లో హైదరాబాదు దుకాణాలు కిటకిటలాడితే, జనవరి రెండో వారంలో విజయవాడ బీసెంట్ రోడ్డులో అడుగు పెట్టలేం. సరిగ్గా అదే సమయంలో హైదరాబాదు సగం ఖాళీ అవుతుంది. ఊరికి వెళ్లకుండా నగరంలో ఉండిపోయేవారు భోగి ముందు రోజు షోరూముకు వెళ్లి చూడండి. సేల్స్ వాళ్లు టీ తాగుతూ కనబడతారు.

రోజుల్లో మంగళ, బుధ, గురువారాలు నయం. తెరిచిన మొదటి రెండు గంటలు బంగారం. జీతాలు పడిన మొదటి శని, ఆదివారాలు మాత్రం ఎవరు పిలిచినా వెళ్లకండి.

బోర్డు మీది లెక్క, బిల్లు మీది లెక్క

"50 శాతం + 20 శాతం" అంటే 70 శాతం కాదు. 4,000 రూపాయల చీర సగమై 2,000 అవుతుంది. ఆ 2,000 మీద ఇరవై శాతం తీస్తే 1,600. అంటే తగ్గింది 60 శాతం. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే మూడు సమాన ధరల మీద మూడో వంతు తగ్గింపు. మూడు ధరలు వేరైతే అన్నిటికంటే చవకది ఉచితంగా ఇస్తారు కాబట్టి అంతకూడా రాదు. "ఒకటి కొంటే ఒకటి" సగం తగ్గింపే, మనకు రెండూ అవసరమైతే. కేజీల లెక్కన అమ్మే చీరల దగ్గర చేత్తో బరువు చూడండి. పలుచని జార్జెట్, షిఫాన్ తూకంలో కలిసివస్తాయి. రాళ్లు, అద్దాలు, పూసలు కుట్టినవి ఏరితే రాళ్లకు చీర ధర కడుతున్నట్టు.

చీర ధరకు పైఖర్చులు కలుపుకోవాలి. మా వీధిలో టైలరు లైనింగు జాకెట్టుకు 600 తీసుకుంటుంది, ఫాల్, పికో వేరే. నాలుగు వందల చీర కట్టుకునేసరికి వెయ్యి దాటుతుంది. లెక్క చూసేవారు ఈ మొత్తం రాసుకుంటే సగం తగ్గింపుల మోజు అక్కడే తీరిపోతుంది.

రెడీమేడ్ దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. ఒక్కో దుస్తు ధర 2,500 వరకు అయితే 5 శాతం, దాటితే 18 శాతం. ఎమ్మార్పీ అంటే అన్ని పన్నులూ కలిసిన ధర. దాని మీద తగ్గింపు ఇచ్చి, మళ్లీ పైన పన్ను వేసి బిల్లు చేతికిస్తే అక్కడికక్కడే అడగండి. నిలబడేవారికి ఈ సంగతి ముందే చెప్పి పంపాలి. వరుస దాటాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటుంది. చీరలో చిరుగు, రంగు కారడం లాంటి లోపం ఉంటే ఆ వాక్యం చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అక్రమ వ్యాపార పద్ధతే. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. రంగు నచ్చలేదు, ఆడపడుచుకు నప్పలేదు అంటే మాత్రం చట్టం సాయపడదు, దుకాణం దయే. అందుకే డెలివరీ కౌంటరు దాటిన సంచిని కూర్చునేవారు ఒకసారి విప్పి, చీరల సంఖ్య బిల్లుతో సరిచూడాలి. మాకు ఒకసారి వేరే ఇంటి సంచి వచ్చింది. అందులో మా వాటికంటే మంచి చీరలు ఉన్నాయి. వెనక్కి ఇచ్చేశాం, కొంచెం ఆలస్యంగా.

ఎగబడే చోటికి వెళ్లకపోవడం

2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో ఒక దుకాణం పది రూపాయలకే చీర అని ప్రకటిస్తే జనం ఎగబడ్డారు. తొక్కిసలాటలో పలువురు మహిళలు గాయపడ్డారు. రూపాయికి చీర, పది రూపాయలకు చీర, మొదటి వందమందికి ఉచితం లాంటి బోర్డు కనబడితే ఎంత మంచి జట్టు ఉన్నా ఆ పూట వెళ్లవద్దు. అక్కడ పని పంపకం పనిచేయదు. ఆ ఆఫరు అయిపోయిన మరుసటి రోజు అదే దుకాణంలో మిగతా సరుకు తీరిగ్గా చూసుకోవచ్చు.

మామూలు రద్దీకి కొన్ని జాగ్రత్తలు చాలు. మెడలో నల్లపూసలు తప్ప మరేమీ వద్దు. చేతిసంచి ముందుకు వేలాడదీయండి. పిల్లలు తప్పనిసరిగా రావలసి వస్తే, వాళ్ల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. కలుసుకునే చోటు "లిఫ్టు దగ్గర" అనుకోవద్దు, ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ఉంటుంది. దుకాణం బయట కదలనిది ఒకటి ఎంచుకోండి. మేము మెట్రో స్తంభం నంబరు చెప్పుకుంటాం. ఫోను అందకపోతే గంటకోసారి, సరిగ్గా గంట కొట్టే వేళకు అత్తయ్యగారి కుర్చీ దగ్గర చేరాలని నియమం. మధ్యాహ్నం భోజనం ఇంట్లో పన్నెండింటికి ముందే తినేసి వెళ్తే, ఒంటిగంటకు ఊరంతా హోటళ్లకు పోయినప్పుడు కౌంటర్లు మనవి.

ఈ ఏడు మా చీటీ ఇప్పటికే తయారైంది. పద్దెనిమిది చీరలు, ఆరు పంచెలు, తువ్వాళ్లు డజను. గురువారం వెళ్తున్నాం, నలుగురం. చీటీ తోటికోడలి దగ్గర ఉంది. అత్తయ్యగారు కుర్చీ మీదికి దిండు కూడా తెచ్చుకుంటానన్నారు. ఆడపడుచు ఫోను చేసి తానూ వస్తానంది. పిల్లలను ఎవరు చూస్తారు అని అడిగాను. ఆలోచించి చెబుతానంది.